తొక్క మనది, గింజ వాళ్ళది

అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి వెళ్ళిన మన పిల్లలకు అక్కడ మొదట చెవిన పడే మాటల్లో బకై ఒకటి. కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్లన్నీ బకైలే. రాష్ట్రవాసులు తమను తాము బకైలమని చెప్పుకుంటారు. వేరుశెనగ ముద్దను చాక్లెట్‌లో సగానికి పైగా ముంచి అమ్మే మిఠాయి పేరు కూడా బకై. వీటన్నిటి వెనకా ఒక చెట్టు ఉంది. అది ఏటా ఆకు రాల్చే చెట్టు, ఎత్తు మధ్యరకం. ఒక్కో కాడ చివర ఐదేసి రెబ్బల ఆకు, గరుకు తొక్కలో నిగనిగలాడే గోధుమరంగు గింజ, ఆ గింజ మీద లేతరంగు మచ్చ.

ఆ చెట్టు మన కుంకుడుకు దాయాది. వృక్షశాస్త్రవేత్తలు బకైలనూ, యూరప్‌లో వీధుల వెంబడి కనిపించే హార్స్ చెస్ట్‌నట్‌నూ చాలాకాలం విడి కుటుంబంగా లెక్కించారు. జన్యువుల ఆధారంగా 1998లో వర్గీకరణను సవరించినప్పుడు వాటిని కుంకుడు కుటుంబంలోకి తెచ్చారు. లిచీ, మేపుల్ కూడా ఆ ఇంటివే. ఈ చుట్టరికాన్ని నమ్మడానికి ప్రయోగశాల దాకా వెళ్ళనక్కరలేదు. బకై గింజను నలిపి నీళ్ళలో వేసినా నురగ వస్తుంది. రెంటిలోనూ నురగనిచ్చేది సాపోనినే. రెంటినీ నలిపి నీటిలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టిన జనం రెండు ఖండాల్లోనూ ఉన్నారు.

మొక్కల పండుగ వచ్చిందంటే మన ఊళ్ళలో "స్థానిక జాతుల్నే నాటండి" అన్న మాట మైకుల్లో మోగుతుంది. మాట మంచిదే. కానీ ఏ స్థానం? రాష్ట్రమా, జిల్లానా, ఊరా, గట్టా? ఈ దాయాదులిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కృష్ణా డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె నేలల మీద చూస్తే, ఆ మాటను మనం ఎంత వదులుగా వాడుతున్నామో తెలుస్తుంది.

బకైని ఇక్కడ పెంచవచ్చా అన్న ప్రశ్నను ముందే తేల్చేస్తాను. పెంచలేం. ఆ చెట్టు నలభై డిగ్రీల అక్షాంశపు చలికి పుట్టినది. మొగ్గ నిద్రపోవాలన్నా, వసంతంలో మళ్ళీ విచ్చుకోవాలన్నా దానికి వారాల తరబడి గట్టి చలి కావాలి. తెనాలిలో సంక్రాంతి రాత్రి కూడా వేడి పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. గింజనైతే ఫ్రిజ్‌లో పెట్టి మోసం చేయవచ్చు. చెట్టును ఏటా ఫ్రిజ్‌లో పెట్టలేం. పైగా విదేశీ విత్తనాన్ని అనుమతి పత్రాలు లేకుండా తేవడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు విరుద్ధం. మన దేశంలోనే బకై రకాలు కావాలంటే హిమాలయాలకు వెళ్ళాలి. ఉత్తరాఖండ్‌లో పాంగర్ అనీ, హిమాచల్‌లో ఖనోర్ అనీ పిలిచే చెట్టు ఆ జాతిదే. దాని గింజల చేదును రోజుల తరబడి పారే నీటిలో వదిలి, కరువు రోజుల్లో పిండి చేసుకుని తిన్నారు. కాలిఫోర్నియా ఆదివాసులు తమ బకై గింజలకూ ఇదే పని చేశారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు జనాలు ఒకే విరుగుడును కనిపెట్టుకున్నాయి.

ఇక పోలిక. కుంకుడుకాయలో మనకు కావలసింది తొక్క. కాయను కొట్టి, నల్లటి గింజను తీసి పారేసి, పెచ్చును వేడినీళ్ళలో నానబెట్టి పిసుకుతాం. బకైలో తొక్క దానంతట అదే పగిలి రాలిపోతుంది, జనం గింజను దాచుకుంటారు. ఒహాయోలో ఆ గింజను అదృష్టం కోసం జేబులో వేసుకునే అలవాటు తరాల నాటిది. అంటే వాళ్ళు చెట్టు కాగలిగినదాన్ని దాచుకుంటున్నారు, మనం చెట్టు కాగలిగినదాన్ని తూములో పారబోస్తున్నాం. చమత్కారం ఏమిటంటే ఇద్దరి చేతుల్లోనూ అది చెట్టు కావడం లేదు. బకై గింజ చెట్టు నుంచి రాలేనాటికి బరువులో దాదాపు సగం నీరే. అది ఆరితే చచ్చినట్టే. జేబులో నున్నగా మెరిసే అదృష్టపు గింజ శవం. కుంకుడు గింజ తీరు దీనికి పూర్తిగా వేరు. ఎండినా నెలల తరబడి ప్రాణంతో ఉంటుంది, చిల్లర కొట్టు గోనెసంచిలో ఉన్నా సరే. దానికి కావలసింది ఎవరైనా పైపెంకును గీరడం మాత్రమే.

ఒహాయోవాళ్ళ అభిమానాన్ని మెచ్చుకుంటూనే కొంచెం నిలదీయాలి. 1840 అధ్యక్ష ఎన్నికల్లో విలియం హెన్రీ హారిసన్ పక్షం వాళ్ళు బకై దుంగల గుడిసెలతో, బకై చేతికర్రలతో ఊరేగారు. విశ్వవిద్యాలయం ఆ పేరును 1950లో అధికారికంగా తీసుకుంది. 1953లో అది రాష్ట్రవృక్షం అయింది. ఇంత చేసినా పశువుల బీళ్ళలో రైతులు ఆ చెట్టును ఏరి కొట్టేసేవారు. లేత ఆకూ గింజా పశువుకు విషం. చెక్క తేలిక, మెత్తన, సరిగా మండదు కూడా. తొలి వలసదారులు ఊయల తొట్లు, కొయ్య కాళ్ళు చేసుకోవడానికి ఆ తేలికదనమే పనికొచ్చింది. మొత్తం మీద అది పెద్దగా ఉపయోగపడకుండానే పూజలందుకున్న చెట్టు.

కుంకుడుది తలకిందుల కథ. ఇంతగా ఉపయోగపడి ఏ గౌరవమూ దక్కని చెట్టు ఇంకొకటి చెప్పడం కష్టం. ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్రవృక్షంగా వేపను ఎంచుకుంది, దానికి నాకేమీ అభ్యంతరం లేదు. రావి కింద నాగప్రతిమలుంటాయి, మారేడు శివుడిది, జమ్మికి దసరా ఉంది. కుంకుడు కింద ఏ దేవుడూ కూర్చోలేదు. తినే పండు కాదు, కూర కాదు. దాని కొలువంతా నీళ్ళగదిలోనే సాగింది. నరకచతుర్దశి తెల్లవారుజామున, భోగినాడు, ఉగాదినాడు నూనె అంటిన తలల మీద. కళ్ళు మండిన పిల్లల నోట్లో ఉప్పుకల్లు పెట్టిన నాయనమ్మలే దానికి పూజారులు. కంసాలి నగలను మెరిపించింది దాని నురగతోనే. పట్టుచీరలు రంగు చెడకుండా ఉతికిందీ దానితోనే. 1980లలో కడలూరు వైపు నుంచి పొట్లం షాంపూ మన కిరాణా కొట్ల ముందు దండలుగా వేలాడడం మొదలయ్యాక ఆ కొలువు కూడా పోయింది. ఇప్పుడు కుంకుడు బొమ్మ సీసా మీద ఉంటుంది, చెట్టు పెరట్లో ఉండదు.

డెల్టా విషయం ఇంకా విచిత్రం. దుగ్గిరాలలో పసుపు యార్డు ఉంది కాబట్టి తలంటునాటి పసుపు మనదే. నువ్వుల నూనె చుట్టుపక్కల దొరుకుతుంది. కుంకుడు మాత్రం మెట్ట నుంచి, ఏజెన్సీ నుంచి రావాలి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ కొండల్లో కొనే అటవీ ఫలసాయాల్లో కుంకుడుకాయ ఒకటి. తెనాలి కొట్టులో తూచి ఇచ్చే కాయ అంత దూరం ప్రయాణం చేసి వస్తుంది. డెల్టా తోటల్లో, గట్ల మీద కుంకుడు అరుదు. అలా ఎందుకన్నదానికి జనం చెప్పే జవాబు, "మనకు అక్కర లేదు, మాగాణి కదా" అని. ఈ జవాబులో సగం సోమరితనం, సగం నిజం. నిజం ఎంతో చూడాలంటే మూడు ఊళ్ళనూ విడివిడిగా చూడాలి.

ముందు తెనాలి. 1855లో బెజవాడ ఆనకట్ట వచ్చాక, 1957లో ప్రకాశం బ్యారేజి దాని స్థానం తీసుకున్నాక, ఈ ఊరి చుట్టూ నేల మొత్తం కాలువల లెక్క మీద బతుకుతోంది. నల్ల బంకమట్టి. సార్వాలో వరి, ఆ కోతలకు ముందే చేలో చల్లే మినుము, లేదా జొన్న, మొక్కజొన్న. వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి, ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతాయి. ఈ నేల డెల్టాలోకెల్లా సారవంతమైనది. కుంకుడుకు అదే గిట్టదు. కుంకుడు పొడి అడవి చెట్టు. గరప, రాయి, ఎర్రమట్టి ఉన్నచోట ఎండను ఓర్చుకుంటుంది గాని వేళ్ళ చుట్టూ నీరు నిలిస్తే ఓర్చుకోలేదు. నెర్రెలు చేసే హాని ఇంకో రకం. లేత మొక్క పీచువేళ్ళను అవి తెంపేస్తాయి. చిత్రమేమిటంటే, చలి సంగతి వదిలేస్తే, తెనాలి కాలువ గట్టు బకైకి సొంతిల్లు. ఒహాయోలో ఆ చెట్టు సహజంగా పెరిగేది వాగుల ఒడ్డునా, వరద మేట వేసిన పల్లపు నేలల్లోనే. నేల ఆరితే అలిగి ఆకులు ముందే రాల్చేస్తుంది. పరాయి చెట్టుకు నచ్చే మట్టి మన దగ్గరుంది, మన చెట్టుకు నచ్చే మట్టి లేదు. స్థానికం అన్న ముద్ర ఒక్కటే చూసుకుని నాటేవాళ్ళు ఈ చిక్కును గమనించరు.

అయితే తెనాలిలో కుంకుడు వద్దా? మడిలో వద్దు. కాలువ కట్టల మెరక మీద, ఇంటి పునాదికి పోయగా మిగిలిన గరప ఉన్న దొడ్డి మూలన, శ్మశానాల గట్ల మీద వేయవచ్చు. గొయ్యి తవ్వడం కన్నా దిబ్బ పోయడం మేలు. బంకమట్టిలో రెండడుగుల గొయ్యి తవ్వి మెత్తటి ఎరువుతో నింపితే అది వానకు నీటి తొట్టి అవుతుంది, మొక్క అందులో మునుగుతుంది. చుట్టూ నేల కన్నా అడుగున్నర ఎత్తున గరప, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన దిబ్బ మీద నాటితే తల్లివేరు కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. నర్సరీలవాళ్ళు గొయ్యి కొలతలు అన్ని ఊళ్ళకూ ఒకే రకంగా చెబుతారు. ఆ పాఠం మెట్టకు రాసింది.

బాపట్లకు వచ్చేసరికి లెక్క మారుతుంది. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, జీడిమామిడి పరిశోధన స్థానం ఉన్న ఊరు, ఉప్పునీటి సేద్యం మీద దశాబ్దాలుగా పని జరిగిన ఊరు. తెనాలి రైతు ఎగతాళి చేసే ఇసుక ఇక్కడిది. సూర్యలంక దారిలో సరుగుడు తోటలు, జీడిమామిడి, వేరుశెనగ. పోసిన నీరు నిమిషాల్లో దిగిపోతుంది. పోషకాలు దాంతోపాటే పోతాయి. కానీ ఆ ఇసుకలో వేరు కుళ్ళదు. పుదుచ్చేరి చుట్టుపక్కల కోరమండల్ తీరపు పాత దేవతావనాల్లో, ఇసుక కలిసిన ఎర్రనేలల్లో, కుంకుడు సహజంగానే ఉంది. అంటే సముద్రపు గాలి పొలిమేరల్లో అది కొత్త చుట్టం కాదు. మూడు ఊళ్ళలోనూ కుంకుడుకు నా ఓటు బాపట్లకే. సారం లేని నేల అని పేరుపడినదే ఈ చెట్టుకు తగిన నేల.

ఇక్కడ సంరక్షణ అంటే మొదటి రెండు వేసవుల నీరు. అందుకు బాపట్ల వైపు ఒక పాత పరికరం ఉంది, దొరువు. ఇసుకలో లోతుగా కాకుండా వెడల్పుగా తవ్విన గుంట అది. వాన నీరు ఇసుకలో ఇంకి, కిందున్న ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద పొరలా తేలుతూ ఉంటుంది. దొరువు ఆ పైపొరను మాత్రమే అందుకుంటుంది. కడవలతో తోడి పోసినన్నాళ్ళూ ఆ పొర చెదరలేదు. మోటారు పెట్టి లోతు నుంచి గుంజితే కిందున్న ఉప్పు పైకి వస్తుంది. అందుకే బాపట్ల పరిశోధకులు దొరువును వదిలేయమనకుండా బాగుచేశారు. ఇసుక అడుగున అడ్డంగా గొట్టాలు పరిచి, ఊటను ఒక బావిలోకి మళ్ళించి, పైపొర నీటిని మెల్లగా తోడే పద్ధతి రూపొందించారు. కుంకుడు మొక్కకు వారానికి రెండు కడవలు పోయడానికి పాత దొరువే చాలు. గొయ్యిలో చెరువు మట్టి రెండు తట్టలు కలిపితే ఆ నీరు కాస్త నిలుస్తుంది. పాదు మీద ఎండాకులో, వేరుశెనగ పొట్టో కప్పాలి. సముద్రం వైపు ముందుగా సరుగుడు వరస ఉండాలి, కుంకుడు దాని చాటున ఎదగాలి.

రేపల్లె విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. కృష్ణ పాయలూ, ఉప్పుటేర్లూ, నిజాంపట్నం వైపు మడ అడవులూ, రొయ్యల చెరువులూ ఉన్న ఈ పల్లంలో కుంకుడు నాటమని ఊరూరా చెప్పడం మొక్కల్ని చంపడమే. ఊళ్ళో మెరక మీద, మంచినీటి ఊట ఉన్నచోట ఒకటీ అరా బతకవచ్చు. చౌడు తేలినచోట, ఆక్వా చెరువుల గట్ల మీద మాత్రం అది నిలవదు. ఆ గట్లకు స్థానికం కానుగ, గంగరావి, పొన్న. ఉప్పును కొంతవరకు ఓర్చే చెట్లు ఇవి. కానుగ కూడా కొద్దిరోజులు ఆకు రాలుస్తుంది, ఆ ఆకు ఒకప్పుడు వరి మడులకు పచ్చిరొట్ట ఎరువు. ఆకు రాల్చే దేశవాళీ చెట్టే కావాలనుకునే రేపల్లె మనిషికి కానుగ ఉండగా కుంకుడు కోసం పట్టుబట్టడం దేనికి?

కుంకుడు లేకపోయినా రేపల్లెకు సాపోనిన్‌తో పరిచయం గట్టిగానే ఉంది, ఆ సంగతి చాలామందికి తెలియదంతే. రొయ్యపిల్లల్ని వదిలేముందు చెరువులో మిగిలిన చేపల్ని చంపడానికి ఆక్వా రైతులు టీ సీడ్ కేక్ చల్లుతారు. అందులో పనిచేసేది సాపోనినే. అది చేప మొప్పల ద్వారా వెళ్ళి నెత్తుట్లో ఎర్రకణాలను చెడగొడుతుంది. రొయ్యకు ఎర్రకణాలే లేవు, అందుకే బతికిపోతుంది. కుంకుడు నీళ్ళు చేపల కుంటలో పోయవద్దని పెద్దలు చెప్పిన మాటకు కారణం కూడా ఇదే. ఉప్పు బోర్లున్న ఈ ఊళ్ళలో ఇంకో సంగతి. గట్టి నీటిలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నురగ రాదు. కుంకుడు నురగకు ఆ బెడద లేదు. నీళ్ళు బాగాలేక జుట్టు పాడవుతోందని ఊళ్ళోవాళ్ళు సీసాల మీద సీసాలు మార్చేబదులు మళ్ళీ పెచ్చు వైపు చూడవచ్చు. చెట్టు ఇక్కడ బతకకపోయినా కాయకు ఇక్కడే ఎక్కువ పని.

ఇప్పుడు విత్తనం దగ్గరకు వద్దాం. దాయాదుల తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది ఇక్కడే. బకై గింజను ఏరిన వారంలో నాటాలి, లేదా తడి ఇసుకలో, చలిలో నూట ఇరవై రోజుల దాకా పడుకోబెట్టాలి. ఆ చలి లెక్కపెట్టుకుని గాని అది నిద్ర లేవదు. కుంకుడు గింజకు నిద్ర లేదు, తలుపు మాత్రం ఉంది. గట్టి పెంకు నీటిని లోపలికి పోనివ్వదు. అడవిలో ఆ పెంకు ఎండకూ వానకూ మెల్లగా చితుకుతుంది. మనం అయితే గరుకు రాతి మీద ఒక పక్కన గీరి, లోపలి తెలుపు తొంగిచూడగానే ఆపి, రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. నానితే గింజ ఉబ్బుతుంది. ఉబ్బనిదాన్ని మళ్ళీ గీరాలి. చలికాలంలో పూసిన చెట్టు ఎండలు ముదిరేసరికి కాయ పండిస్తుంది. కాబట్టి ఆ కాయల గింజలనే వేసవిలో సంచుల్లో వేసుకోవడం సహజమైన వరస. తలంటుకు మరిగించిన కాయల గింజలు పనికిరావు. పండుగకు ముందే నాలుగు కాయలు పక్కన పెట్టుకోవాలి.

రెండు చెట్లకూ తల్లివేరు బలం. కాబట్టి రెంటికీ ఒకే ప్రమాదం. సంచిలో ఎక్కువకాలం ఉంచితే ఆ వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. పైకి మొక్క ఏపుగానే కనిపిస్తుంది, అమ్మేవాడు దాన్నే ముందు చూపిస్తాడు. ఆ చుట్ట ఎప్పటికీ విడదు. తుపాను గాలికి అలాంటి చెట్టు వేరుతో సహా లేచిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఈ తీరాన చెట్టు నాటేవాడు నీడ కన్నా ముందు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. పొడవైన సంచి, చిన్న మొక్క, తొలకరిలో నాటడం, వీలైతే నేరుగా గట్టు మీదే గింజ వేయడం. నా మటుకు చివరిదే ఇష్టం. ఆవులూ మేకలూ తిరిగే ఊళ్ళో కంచె లేకుండా అది సాగదని కూడా తెలుసు.

ఆకు రాలడం దగ్గర మన జనం సహనం పరీక్షకు వస్తుంది. ఒహాయో బకై వసంతంలో చుట్టుపక్కల చెట్ల కన్నా ముందే ఆకు వేస్తుంది. బూజు తెగులు మచ్చలు పట్టి, వేసవి చివరికే గోధుమరంగుకు తిరిగి, చలి రాకముందే మోడవుతుంది. అక్కడి తోటల పుస్తకాలు దీన్ని చెట్టు లోపంగానే రాస్తాయి. కాలిఫోర్నియా బకై ఇంకా ముందుకు పోయింది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి కాబట్టి అది నడివేసవిలోనే ఆకు దులిపేసి ఎండను తప్పించుకుంటుంది. కుంకుడు కూడా నీటి లెక్క మీదే ఆకు రాలుస్తుంది. చలి వెనకబట్టాక పాత ఆకు రాలి, ఎండలు బాగా ముదరకముందే కొత్తది వస్తుంది. నీరు అందుబాటులో ఉన్నచోట పూర్తిగా మోడు కూడా కాదు. ఆ కాస్త రోజులకే పక్కింటివాళ్ళు "మా వాకిలి నిండా మీ ఆకే" అంటారు, ఇంటివాళ్ళు కత్తి తీస్తారు. ఆకు రాల్చని చెట్టు కావాలన్న ఈ తహతహే మన రోడ్ల మధ్య కోనోకార్పస్ వరసలను నిలబెట్టింది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఊడ్చేపని తక్కువ. ఆ సుఖం తర్వాత వచ్చిన ఫిర్యాదుల మీద గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

2016లో మొదలైన వనం–మనం వంటి కార్యక్రమాలు ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క చెప్పడానికి అలవాటుపడ్డాయి. బకై విషయంలో ఒహాయో చూపిన ఒక గుణం మనకు లేదు. ఒక రాష్ట్రం ఒక చెట్టును పేరు పెట్టి గుర్తుపడుతుంది, బడిపిల్లవాడు దాని గింజను చూసి పేరు చెబుతాడు. మన ఊళ్ళో కుంకుడుకాయను గుర్తుపట్టే పిల్లలు ఉన్నారు, కుంకుడు ఆకును గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. రెండు మూడు జతల రెబ్బలు, ఒక్కో రెబ్బ కొసన చిన్న నొక్కు, లేతకాయ మీద తుప్పురంగు నూగు, మూడు కాయలు అతుక్కున్నట్టుండే గుత్తి. ఇవి తెలిస్తే దారి పక్కన ఉన్న చెట్టును కనీసం కొట్టకుండా వదిలేయవచ్చు. ఒహాయోకు లేనిది మన దగ్గరుంది. అక్కడ ఆ గింజతో ఎవరికీ రోజువారీ పనిలేదు, ఇక్కడ కాయకు ఇంకా కొనేవాళ్ళున్నారు. గింజ మొక్క కాపుకు రావడానికి పదేళ్ళు అటూ ఇటూ పడుతుంది. వచ్చాక బాపట్ల జీడితోట పొలిమేరలో అది అదనపు పంట. కాయలు కోయనక్కరలేదు, రాలినవి ఏరుకోవచ్చు. ఎండబెడితే నెలలు నిలవ ఉంటాయి.

రెండు చెట్లలోనూ పూగుత్తిలో ఎక్కువ భాగం మగపూలే. కాయ అయ్యే పూలు కొన్నే. అందుకే విరగపూసిన ఏడు కూడా కాయ తక్కువ నిలిచిందని చెట్టును తిట్టుకోవలసిన పనిలేదు. తేనెటీగలు రాని తోటలో మాత్రం నిజంగానే కాయ తగ్గుతుంది. చలికాలంలో కుంకుడు పూసే వేళకు జీడిమామిడి పూత ఇంకా అందుకోదు. ఆ మధ్యకాలంలో ఈగలకు తోటలో మేత ఉంచేది ఇదే. జీడి పూతకు ఆ ఈగలు అప్పటికే అక్కడ ఉండాలనుకునే బాపట్ల రైతు పడమటి గట్టున, సరుగుడు నీడ తగలని చోట, ఎనిమిది మీటర్ల ఎడంతో నాలుగు కుంకుళ్ళు వేసుకోవచ్చు. వేసవిలో దొరువు నీళ్ళు పోసే పని రెండేళ్ళే ఉంటుంది.